తెరమీది కారుకు పుట్టిన సంవత్సరం అడుగుదాం

జీవిత చరిత్ర సినిమా వచ్చిందంటే మన ఇళ్లలో పెద్దలు కథ చూస్తారు, పిల్లలు చరిత్ర నేర్చుకుంటారు. ఈ తేడా మనకు వెంటనే తట్టదు. 2018లో వచ్చిన 'మహానటి' చూసిన అమ్మమ్మకు సావిత్రి ముందే తెలుసు. తెరమీద ఏది ఉన్నది ఉన్నట్టు చూపారో, ఏది కల్పించారో ఆమె కొంతైనా పోల్చుకోగలదు. పక్కన కూర్చున్న ఏడో తరగతి మనవరాలికి మాత్రం ఆ సినిమాయే సావిత్రి.

మన బడుల్లో ఈ సంగతి ఇంకాస్త బరువైనది. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో చదివే తెలుగు పిల్లలకు సాంఘిక శాస్త్రం పుస్తకం ప్రధానంగా తాము ఉంటున్న రాష్ట్రం చరిత్రనే చెబుతుంది. అది సబబే. కానీ అల్లూరి సీతారామరాజు, సావిత్రి, ఎన్టీఆర్ వంటివారు వారికి ఎక్కువగా ఇంట్లో పెద్దల మాటల్లోనో, తెరమీదో పరిచయమవుతారు. తెరే పాఠ్యపుస్తకమైనప్పుడు ఆ పుస్తకాన్ని ప్రశ్నిస్తూ చదవడం ఎవరో ఒకరు నేర్పాలి కదా. అందుకు పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఒకటి ఉంది. అది సినిమాలో కనిపించే కారు.

ఒకే ఒక్క సూత్రం

కారుకు పుట్టిన సంవత్సరం ఉంటుంది. చీరకట్టుకో, మాటతీరుకో ఇదీ సంవత్సరం అని గిరి గీయడం కష్టం. ఏ కారు ఏ ఏడాది మార్కెట్లోకి వచ్చిందో మాత్రం చాలావరకు రాసి ఉంటుంది. కాబట్టి పిల్లలకు చెప్పాల్సిన సూత్రం ఒక్కటే: కారు సన్నివేశం కంటే పెద్దది కావచ్చు, చిన్నది కాకూడదు. తాత కొన్న కారులో మనవడు తిరగవచ్చు. మనవడు కొన్న కారులో పడుచువాడిగా ఉన్న తాత తిరగలేడు.

ఈ రెండో భాగాన్ని పిల్లలు చటుక్కున పట్టుకుంటారు. మొదటి భాగమే మరిచిపోతారు. 1975 నాటి వీధిలో 1955 కారు కనబడగానే 'తప్పు, తప్పు' అని అరుస్తారు. నిజానికి అది తప్పు కాదు. మన దేశంలో ఒక కారును ఇరవై, ముప్పై ఏళ్లు నడపడం మామూలే. పైగా 1975 వీధిలో అన్నీ 1975 కార్లే, అదీ తళతళలాడుతూ కనిపిస్తే అప్పుడు అనుమానించాలి. అసలు వీధిలో పాత కార్లు, సొట్టపోయిన కార్లు, రిక్షాలు, ఎడ్లబళ్లు కలిసే ఉంటాయి.

సావిత్రి కాలానికి ఒక కొలబద్ద

'మహానటి'నే ఉదాహరణగా తీసుకుందాం. సావిత్రి 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. కాబట్టి ఆమె జీవితాన్ని చూపే ఏ సినిమాలోనైనా, ఏ నాటకంలోనైనా ఆ తేదీకి తర్వాత పుట్టిన కారుకు చోటు లేదు. మారుతి 800 మొదటి కారు తాళాలు కొనుగోలుదారు చేతికి అందింది 1983 డిసెంబరు 14న. అంటే ఆమె కథలో ఎక్కడ మారుతి కనిపించినా అది కాలంలో ముందుకు దూకి వచ్చినట్టే. ఇది తేలికైన లెక్క, నాలుగో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు.

ఇప్పుడు కాస్త లోపలికి వెళ్దాం. 'దేవదాసు' 1953లో విడుదలైంది. 'మాయాబజార్' 1957 మార్చిలో వచ్చింది. మనమంతా పాతకాలం కారు అనగానే తలచుకునే అంబాసిడర్ 1957లో మొదలైంది. కాబట్టి 'దేవదాసు' చిత్రీకరణకు వెళ్తున్న సావిత్రిని ఎవరైనా అంబాసిడర్‌లో ఎక్కించి చూపితే కుదరదు. ఆ రోజుల మద్రాసు రోడ్డు మీద తిరిగినవి ఎక్కువగా విదేశీ నమూనాలు. హిందుస్థాన్ మోటార్స్ వారి హిందుస్థాన్ 14 ఉండేది. ఆ తర్వాత 1950ల మధ్యలో లాండ్‌మాస్టర్ వచ్చింది. దాని తర్వాతే అంబాసిడర్.

మద్రాసుకే ప్రత్యేకమైన కారు మరొకటుంది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ మద్రాసు శివార్లలో కార్లు తయారుచేసేది. 1961లో వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్ దానిదే. మొదట రెండే తలుపులతో వచ్చింది, తర్వాత మన దేశం కోసం నాలుగు తలుపుల రూపం తయారైంది. 1960ల మద్రాసును చూపే సినిమాలో ఒక మూల రెండు తలుపుల హెరాల్డ్ కనిపిస్తే, ఆ కళా దర్శకుడు ఊరిని కాస్త చదువుకున్నాడని అనుకోవచ్చు. తమిళనాడులోని మన బడుల పిల్లలకు ఇది తమ నేల మీద పుట్టిన కారు అని చెబితే కళ్లు మెరుస్తాయి.

షోలాపూర్ పిల్లలకూ ఇలాంటి సంగతి ఒకటుంది. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను 1944లో స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్ షోలాపూర్‌లో పుట్టినవారే. ఆ సంస్థ 1964లో ఫియట్ 1100డి తయారీ మొదలుపెట్టింది. అదే కారు 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. 'పద్మిని' అని వెనక పేరు రాసి ఉన్న కారు 1960ల సన్నివేశంలో కనిపిస్తే రూపం సరిపోతుంది, పేరు సరిపోదు. తొలినాళ్ల ఫియట్ 1100డికి ముందు తలుపుల కీలు వెనకవైపు ఉండేది. అంటే తలుపు ఇప్పటి కార్లకు వ్యతిరేక దిశలో తెరుచుకునేది. అది చూపిన దర్శకుడికి మెచ్చుకోలు దక్కాల్సిందే.

రూపం ఒకటే, వయసు వేరు

మన సినిమాల్లో తేలికగా పొరపాటు జరిగేది అంబాసిడర్ దగ్గరే. 1957 నుంచి 2014 వరకు యాభై ఏడేళ్లు తయారైనా దాని ఆకారం పెద్దగా మారలేదు. కాబట్టి 1960 నాటి సన్నివేశానికి 1995లో తయారైన అంబాసిడర్ తెచ్చి నిలబెట్టినా దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ముందు భాగంలోని గ్రిల్ మార్పులకు పెద్ద గుర్తు. 1960ల మొదట్లో వచ్చిన మార్క్ 2కు దగ్గర దగ్గర గళ్ల గ్రిల్ ఉంటుంది. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4, 1990లో నోవా వచ్చాయి. ఒక్కో దానికి ముఖం కొద్దికొద్దిగా మారింది.

కారు లోపల చూస్తే ఇంకా తేలిక. పాత అంబాసిడర్‌లో గేరు రాడ్ కింద నేలమీద ఉండదు. స్టీరింగ్ పక్కన ఉంటుంది. ముందు సీటు రెండు ముక్కలుగా కాక ఒకే బల్లలా ఉంటుంది. 1990ల మొదట్లో ఇసుజు ఇంజన్‌తో వచ్చిన అంబాసిడర్‌లోనే నేలమీద గేరు రాడ్ వచ్చింది. 1965లో కథానాయకుడు అంబాసిడర్ నడుపుతూ చేయి కిందికి దించి గేరు మార్చాడంటే ఆ కారు అతని కాలానిది కాదు. సీటు బెల్టు కూడా అలాంటిదే. మన దేశంలో ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి అయింది 1990ల్లోనే.

మారుతి 800 విషయంలోనూ ఇంతే. 1983లో వచ్చిన మొదటి రూపం వేరు, 1986లో మారిన గుండ్రటి రూపం వేరు. 1984 నాటి కథలో రెండో రూపం కనిపిస్తే పేరు సరే, కారు సరికాదు.

ఇంకా వెనక్కి వెళ్తే జీపు ఉంది. జీపు రెండో ప్రపంచ యుద్ధం బిడ్డ. అమెరికా సైన్యం కోసం 1941లో పుట్టింది. అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం పోరాటం 1922-24 నాటిది. కాబట్టి ఆ కథను ఎవరు తీసినా, మన బడి వార్షికోత్సవంలో నాటకంగా వేసినా, తెల్లదొర జీపు దిగకూడదు. అప్పటి కారు కావాలంటే ఫోర్డ్ మోడల్ టి లాంటిది వెతకాలి. 1908 నుంచి 1927 దాకా తయారైన ఆ కారుకు సన్నటి చక్రాలు, గుడారం గుడ్డలాంటి పైకప్పు ఉండేవి. ముందు ఇనుప కడ్డీ పెట్టి తిప్పితే కదిలేది.

నంబరు ప్లేటు చదివితే చాలు

కార్ల పేర్లు తెలియకపోయినా పిల్లలు వాడగల పనిముట్టు నంబరు ప్లేటు. కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మనం చూసే పద్ధతి, అంటే రాష్ట్రానికి రెండు అక్షరాలు, కార్యాలయానికి రెండంకెలు, ఆ తర్వాతివే. అంతకు ముందు మూడు అక్షరాలు, నాలుగంకెల లోపు సంఖ్య ఉండేవి. మద్రాసు బళ్లకు ఎం.ఎస్. లేదా ఎం.డి.తో, మైసూరు రాష్ట్రం బళ్లకు ఎం.వై.తో, ఒరిస్సా బళ్లకు ఓ.ఆర్.తో, బొంబాయి బళ్లకు బి.ఎం.తో మొదలయ్యే నంబర్లు కనిపించేవి.

దీన్నిబట్టి 1970ల కథలో టి.ఎన్.-09 అనో, కె.ఎ.-05 అనో, ఎం.హెచ్.-01 అనో ఉన్న ప్లేటు కనిపిస్తే అది కాలదోషమే. యానాం పిల్లలకు ఈ లెక్క సొంత ఊరి లెక్క. వారి పి.వై.-04 కూడా ఈ కొత్త పద్ధతిలో వచ్చిందే. 1954లో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన నాటి కథ తీస్తే ఆ నంబరు కనిపించకూడదు. ఒడిశాలో 2012లో ఓ.ఆర్. పోయి ఓ.డి. వచ్చింది. తెలంగాణకు 2014లో టి.ఎస్., 2024లో టి.జి. వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకూ ఏ.పి.-39 అన్నది 2019 మొదలు. ప్లేటు మీద హోలోగ్రాం, ఐ.ఎన్.డి. అక్షరాలు ఉంటే అది ఈ తరం బండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లన్నిటికీ అవి తప్పనిసరి.

దగ్గరి కాలం కథల్లో ఈ చూపు మరీ అవసరం. 'యాత్ర' సినిమాకు ఆధారమైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర 2003లో చేవెళ్లలో మొదలై ఒడిశా సరిహద్దున ఉన్న ఇచ్ఛాపురంలో ముగిసింది. ఆ దారి పొడవునా స్కార్పియో కనిపించవచ్చు, అది 2002లోనే వచ్చింది. క్వాలిస్ కనిపించవచ్చు, అది 2000లో వచ్చింది. ఇన్నోవా మాత్రం కనిపించకూడదు. అది మన దేశంలోకి 2005లో వచ్చింది. మనకు నిన్నటిలాగే తోచే రోజులకు కూడా ఇంత లెక్క ఉంది.

ఈ సూత్రం కార్లకే కాదు. అణుబాంబు శాస్త్రవేత్త మీద 2023లో వచ్చిన 'ఓపెన్‌హైమర్' సినిమాలో 1945 నాటి జనం 50 నక్షత్రాల అమెరికా జెండాలు ఊపారు. అప్పటి జెండాలో నక్షత్రాలు 48 మాత్రమే. యాభై నక్షత్రాల జెండా 1960లో వచ్చింది. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్న సినిమాలోనే ఇలా దొర్లింది.

ఎందుకు దొర్లుతుంది?

పిల్లలకు ఎగతాళి నేర్పకూడదు కాబట్టి ఈ ప్రశ్న కూడా తరగతిలో వేయాలి. పాత కార్లు దొరకడం తేలిక కాదు. నడిచే స్థితిలో ఉన్నవి కొద్దిమంది అభిమానుల దగ్గర ఉంటాయి. వాటిని చిత్రీకరణ స్థలానికి లారీ మీద తేవాలి, గీత పడకుండా చూసుకోవాలి, అద్దె కట్టాలి. అందుకే ముఖ్యపాత్ర ఎక్కే కారు మీద శ్రద్ధ ఎక్కువ ఉంటుంది, వెనక వీధిలో ఆగి ఉన్న నాలుగు బళ్ల మీద తక్కువ. కాలదోషం పట్టుకోవాలంటే కథానాయకుడి కారును కాదు, అతని వెనక వీధిని, అద్దాల్లో పడే నీడలను, దూరంగా పోయే బస్సును చూడమని పిల్లలకు చెప్పాలి.

ఒక్కోసారి అసలు కారే సాక్షిగా మిగిలి ఉంటుంది. 1941 జనవరి 16 రాత్రి దాటాక సుభాష్ చంద్రబోస్ గృహనిర్బంధం నుంచి మారువేషంలో తప్పించుకున్నారు. కలకత్తా నుంచి ఆయన్ను అన్న కొడుకు శిశిర్ బోస్ జర్మనీలో తయారైన వాండరర్ కారులో తీసుకెళ్లారు. ఆ తర్వాత బోస్ గోమో స్టేషన్‌లో రైలెక్కారు. బి.ఎల్.ఎ. 7169 నంబరున్న ఆ కారు ఇప్పటికీ కోల్‌కతాలోని నేతాజీ భవన్‌లో ఉంది. 2017లో దాన్ని బాగుచేశారు. ఆ రాత్రిని తెరకెక్కించే ఎవరైనా కారు విషయంలో ఊహించుకోవాల్సిన పని లేదు, వెళ్లి చూసిరావచ్చు. మన పిల్లలు చూడటానికి దగ్గరలోనూ చోట్లున్నాయి. కోయంబత్తూరులో జీడీ కార్ల మ్యూజియం, మైసూరు దగ్గర పయణ కార్ల మ్యూజియం, హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి నిజాం రోల్స్‌రాయిస్ ఉన్నాయి. విహారయాత్రకు ఊరు ఎంచుకునేటప్పుడు గుర్తుపెట్టుకోదగ్గవే.

కారు చెప్పలేనిది

ఇక అసలు పాఠం ఇక్కడుంది. కార్లన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన కథ నిజమని కాదు. ఒక కారు తప్పినంత మాత్రాన కథ అబద్ధమనీ కాదు.

'మహానటి' దుస్తులకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ కాలాన్ని కళ్లకు కట్టడంలో ఆ బృందం పడిన శ్రమకు అది గుర్తింపు. అయినా అందులో జెమినీ గణేశన్‌ను చూపిన తీరు సరికాదని ఆయన కుమార్తె ఒకరు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. ఎవరి మాట ఎంతవరకు సరి అన్నది అంబాసిడర్ గ్రిల్ చూసి తేల్చలేం. అందుకు అప్పటి పత్రికలు, ఉత్తరాలు, ఆ మనుషులను ఎరిగినవారి మాటలు కావాలి, అవి కూడా రెండు వైపులవీ కావాలి. కారు వస్తువు గురించి సాక్ష్యం చెబుతుంది, మనసు గురించి చెప్పదు.

పిల్లలకు ఈ తేడా తెలియకపోతే ప్రమాదం రెండు వైపులా ఉంది. పాత కార్లు, పాత చీరలు, పాత రేడియో చూసి అంతా నిజమేనని నమ్మేవారు కొందరు. ఒక నంబరు ప్లేటు తప్పు పట్టుకుని సినిమా మొత్తం బూటకమని కొట్టిపారేసేవారు మరికొందరు. ఫోన్లలో వచ్చే చిన్న చిన్న వీడియోలనూ, పాత ఫొటో అంటూ తిరిగే బొమ్మలనూ రేపు వాళ్లు ఇలాగే చూస్తారు. 'ఏ సాక్ష్యం ఎంతవరకు చెబుతుంది?' అని అడగడం ఇప్పుడే అలవాటు కావాలి.

తరగతిలో, ఇంట్లో

దీనికి ప్రత్యేక పీరియడ్ అక్కర్లేదు. అయిదు నిలువు గీతల పట్టిక చాలు. సన్నివేశం జరిగిన సంవత్సరం, కనిపించిన బండి, ఆ బండి వచ్చిన సంవత్సరం, తీర్పు, కారణం. తీర్పు గడిలో మూడే మాటలు రాయనివ్వాలి: కుదురుతుంది, కుదరదు, తెలియదు. మూడోది రాసిన పిల్లవాడికి మార్కులు తగ్గించకండి. తెలియనప్పుడు తెలియదని రాయడమే ఈ పాఠంలో కష్టమైన పని. కారణం గడిలో మాత్రం 'ఎందుకంటే' అని మొదలుపెట్టి పూర్తి తెలుగు వాక్యం రాయించాలి. తీసివేత లెక్క, వాక్య రచన, చరిత్ర మూడూ ఒకే కాగితం మీద జరుగుతాయి.

ఊళ్లోని పాత మెకానిక్‌ను బడికి పిలవడం ఇంకా మంచిది. ఆయన కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో చెబుతాడు, పిల్లలు తెలుగులో రాసుకుంటారు. రెండు భాషల మధ్య బతికే మన పిల్లలకు అంతకన్నా సహజమైన అనువాద అభ్యాసం ఏముంది? ముప్పై ఏళ్లు అంబాసిడర్ కింద పడుకుని పనిచేసిన మనిషి గేరు రాడ్ ఎప్పుడు కిందికి దిగిందో చెబుతుంటే ఆయన కూడా చరిత్ర చెప్పే గురువే అవుతాడు.

ఆ తర్వాత ఈ చూపును సినిమా నుంచి ఇంటికి తిప్పండి. మన కుటుంబాలు ఈ రాష్ట్రాలకు ఎప్పుడు వచ్చాయో, ఏ పనిమీద వచ్చాయో చాలావరకు ఎక్కడా రాసి లేదు. ట్రంకు పెట్టెలో తారీఖు లేని ఫొటోలున్నాయి. తాతయ్య బస్సు పక్కన, ముత్తాత లారీ ముందు, నాన్న కొత్త స్కూటరు మీద ఉంటారు. బండి రూపం చూసి, నంబరు ప్లేటులోని మూడు అక్షరాలు చదివి, ఆ ఫొటో ఏ సంవత్సరానికి ముందుది కాజాలదో, దాదాపు ఏ రోజులదో పిల్లల చేత లెక్క కట్టించండి. లెక్క సరో కాదో ఇంట్లో పెద్దవారిని అడిగించండి. బండి సంవత్సరం చెబుతుంది, ఆ బండి ఎక్కి ఎందుకు వచ్చారన్నది పెద్దవారే చెప్పగలరు. తేలిన సంగతిని ఫొటో వెనక పెన్సిలుతో, తెలుగులో రాయించండి. చెప్పేవారు ఉండగానే ఈ పని జరగాలి.